విడిగా ఉన్న గరాజ్‌కి సబ్ ప్యానెల్: పర్మిట్ నుంచి చివరి టెస్ట్ వరకు

అమెరికాలో కాస్త పాత ఇల్లు కొన్న మనవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇంటి వెనక విడిగా గరాజ్ ఉంటుంది. అందులో ఒక బల్బు, ఒక ప్లగ్ తప్ప ఇంకేమీ ఉండవు. అక్కడ టేబుల్ సా పెట్టుకోవాలి, చలికాలానికి హీటర్ కావాలి, నూనె వంటలు ఇంట్లో కాకుండా అక్కడ చేసుకోవాలి, వీలైతే కారు చార్జింగ్ కూడా. "ఇంటి నుంచి ఒక వైరు లాగితే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. గరాజ్‌లో సబ్ ప్యానెల్ పెట్టాలి, అంటే ఇంటి మెయిన్ ప్యానెల్ నుంచి కరెంటు తీసుకునే ఇంకో బ్రేకర్ల పెట్టె.

ఫోన్‌లో చెబితే ఏదో ఒక మెట్టు మధ్యలో జారిపోతోంది. అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

ఉదాహరణగా ఈ లెక్క తీసుకుందాం: ఇంట్లో 200 ఆంపియర్ల మెయిన్ ప్యానెల్, 80 అడుగుల దూరంలో గరాజ్, అక్కడికి 60 ఆంపియర్ల ఫీడర్ (మెయిన్ ప్యానెల్ నుంచి సబ్ ప్యానెల్‌కి కరెంటు తీసుకెళ్ళే తీగలు). కొలతలన్నీ నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం చెబుతున్నాను. ఆ కోడ్ మూడేళ్ళకోసారి మారుతుంది. ఏ సంవత్సరం కోడ్ అమల్లో ఉందనేది ఊరిని బట్టి ఉంటుంది. మీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ ఇంకోలా చెబితే వాళ్ళ మాటే ఖాయం.

1. ఇండియా అలవాట్లు ముందు పక్కన పెట్టండి

ఇది మిగతా గైడ్లలో కనిపించదు. కానీ మనకి చాలా అవసరం.

మన ఊళ్ళో ఇంటి వైరింగ్‌లో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఇక్కడ నలుపే ఫేజ్. తెలుపు న్యూట్రల్. ఆకుపచ్చ తీగ గానీ, తొడుగు లేని రాగి తీగ గానీ గ్రౌండ్. చిన్నప్పుడు ఇంట్లో ఫ్యూజు కట్టిన చెయ్యి నల్ల తీగని చూడగానే "ఇది న్యూట్రల్" అనుకుంటుంది. ఆ ఒక్క క్షణం చాలు, ప్రాణం పోవడానికి. ఏ తీగనీ రంగు చూసి నమ్మకండి, మీటర్ పెట్టి చూడండి.

రెండో తేడా వోల్టేజి. అక్కడ ఒక ఫేజ్, ఒక న్యూట్రల్ మధ్య 230 వోల్టులు. ఇక్కడ ప్యానెల్‌కి రెండు హాట్ (ఫేజ్) తీగలు వస్తాయి. ఆ రెండింటి మధ్య 240 వోల్టులు, ఏ ఒక్కదానికైనా న్యూట్రల్‌కీ మధ్య 120. కాబట్టి గరాజ్‌కి వెళ్ళే ఫీడర్‌లో నాలుగు తీగలు ఉండాలి: రెండు హాట్, ఒక న్యూట్రల్, ఒక గ్రౌండ్. ఈ నాలుగో తీగ గురించే ఈ వ్యాసంలో ఎక్కువ చెబుతాను.

మూడోది ఎర్త్ మీద మనకున్న నమ్మకం. ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ పిట్ బాగా పెడితే షాక్ కొట్టదని విని పెరిగాం. ఇక్కడ నేలలో దిగ్గొట్టే రాడ్ ఆ పని చెయ్యదు. ఎందుకో 6వ మెట్టులో లెక్కతో చూపిస్తాను.

2. పర్మిట్, ఇంటి లోడ్, 811

మీరు నివసించే సొంత ఇంట్లో వైరింగ్ మీరే చేసుకోవడానికి చాలా ఊళ్ళు అనుమతిస్తాయి. అన్నీ కాదు. అద్దెకిచ్చిన ఇంటికైతే సాధారణంగా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియనే చెయ్యాలి. సిటీ లేదా కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది.

పర్మిట్‌ని దండగ ఖర్చు అనుకోవద్దు. మన పనిని రెండో జత కళ్ళు చూసే అవకాశం అదొక్కటే. రేపు ఇల్లు అమ్మేటప్పుడూ, ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ వాళ్ళు వచ్చినప్పుడూ ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.

అడగాల్సినవి:

- ఏ సంవత్సరం కోడ్ పాటిస్తున్నారు? స్థానిక మార్పులు ఏమైనా ఉన్నాయా?
- కాలువ పూడ్చకముందు ఇన్‌స్పెక్షన్ ఉందా? దాదాపు ఎప్పుడూ ఉంటుంది.
- ఇంటి లోడ్ లెక్క ఇవ్వాలా? ఏ ఫారం మీద?

లోడ్ లెక్క అంటే ప్యానెల్‌లోని బ్రేకర్ల అంకెలు కూడటం కాదు. ఇంటి వైశాల్యం, స్టవ్, డ్రయ్యర్, ఏసీ లాంటివాటితో ఒక పద్ధతి ప్రకారం వేసేది. ఇంటికి 200 ఆంపియర్లు ఉండి గ్యాస్ హీటింగ్ అయితే సాధారణంగా 60 ఆంపియర్ల చోటు దొరుకుతుంది. 100 ఆంపియర్ల పాత సర్వీసు అయితే లెక్క తేలేదాకా ఒక్క తీగ కూడా కొనకండి.

తవ్వడానికి కొన్ని పనిదినాల ముందు 811కి ఫోన్ చెయ్యండి, నేలలో పాతిన లైన్లు ఎక్కడున్నాయో చూపించే సర్వీసు నంబరు అది. ఉచితం. వాళ్ళు వచ్చి నేల మీద రంగులు వేస్తారు: ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నారింజ ఫోన్ లేదా ఇంటర్నెట్, నీలం మంచినీళ్ళు, ఆకుపచ్చ మురుగు. కంపెనీల సొంత లైన్లకే గుర్తు వేస్తారని గుర్తుంచుకోండి. లాన్ స్ప్రింక్లర్ పైపులు, గ్రిల్‌కి వేయించుకున్న గ్యాస్ పైపు లాంటివి వాళ్ళు చూపించరు. అవి మీరే వెతుక్కోవాలి.

3. ఎన్ని ఆంపియర్లు కావాలి?

కాగితం మీద గరాజ్‌లో ఒకేసారి నడిచేవి రాయండి. నా లెక్క ఇలా ఉంటుంది:

- 240 వోల్టుల 5,000 వాట్ల హీటర్: సుమారు 21 ఆంపియర్లు. గంటల తరబడి నడిచేది కాబట్టి 125 శాతం లెక్కిస్తే 26.
- టేబుల్ సా: 15 వరకు, 120 వోల్టుల మీద.
- దుమ్ము లాగే వాక్యూమ్: 10 నుంచి 12, రెండో హాట్ మీద పెట్టవచ్చు.
- వంటకి ఇండక్షన్ స్టవ్, 1,800 వాట్లు: 15. సా నడిచేటప్పుడు ఎవరూ బూరెలు వేయించరు కాబట్టి రెండూ కలపలేదు.
- ఫ్రీజర్, లైట్లు: కొద్దిగా.

ఒక్కో హాట్ మీద 45 ఆంపియర్లకి అటూఇటూగా వస్తుంది. 60 హాయిగా సరిపోతుంది.

కారు చార్జర్ వస్తే లెక్క మారిపోతుంది. 40 ఆంపియర్లతో చార్జ్ చేసేదానికి 125 శాతం ప్రకారం 50 ఆంపియర్ల బ్రేకర్ కావాలి. హీటర్‌తో కలిపితే 76. అంటే 60 చాలదు. రెండేళ్ళలో ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే 100 ఆంపియర్లకి సరిపడే తీగ, పైపు వెయ్యండి. తీగ ఖర్చు కన్నా రెండోసారి కాలువ తవ్వే కష్టం పెద్దది.

4. సరుకు

60 ఆంపియర్లకి:

- 6 గేజ్ రాగి (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు), టీహెచ్‌డబ్ల్యూఎన్-2 అనే, తడి చోట్లకి పనికొచ్చే రకం, మూడు తీగలు: నలుపు, ఎరుపు, తెలుపు
- 10 గేజ్ రాగి, ఆకుపచ్చ, ఒకటి
- ఒకటింపావు అంగుళం పీవీసీ కండూట్ (తీగలు పోయే పైపు). ఒక అంగుళంలో కూడా పడతాయి గానీ, లాగేటప్పుడు ఆ పావు అంగుళం తేడా భుజాలకి తెలుస్తుంది
- నేలలోంచి పైకి వచ్చే చోట్లకి మందమైన షెడ్యూల్ 80 పీవీసీ
- పెద్ద వంపు ఎల్బోలు, గోడల దగ్గరికి ఎల్‌బీ ఫిట్టింగులు (పైపు గోడలోకి మలుపు తిరిగే చోట పెట్టే మూత ఉన్న ముక్కలు), విస్తరణ జాయింట్లు
- మెయిన్ బ్రేకర్ ఉన్న 100 ఆంపియర్ల సబ్ ప్యానెల్
- ఆ ప్యానెల్‌కి సరిపడే గ్రౌండ్ బార్ (గ్రౌండ్ తీగలన్నీ బిగించే లోహపు పట్టీ). చాలావాటితో ఇది రాదు, విడిగా కొనాలి
- ఇంటి మెయిన్ ప్యానెల్‌కి 60 ఆంపియర్ల డబుల్ పోల్ బ్రేకర్ (రెండు హాట్‌లనీ కలిపి ఆపేది), ఆ ప్యానెల్ తలుపు మీద రాసి ఉన్న రకమే
- 8 అడుగుల గ్రౌండ్ రాడ్లు రెండు, క్లాంపులు, 6 గేజ్ రాగి తీగ
- టార్క్ స్క్రూడ్రైవర్ (స్క్రూ ఎంత బిగించాలో అంతే బిగించేది), మంచి మల్టీమీటర్

60 ఆంపియర్ల ఫీడర్ మీద 100 ఆంపియర్ల మెయిన్ బ్రేకర్ ఏమిటని చాలామంది అడుగుతారు. తప్పేమీ లేదు. తీగని కాపాడేది ఇంట్లో ఉన్న 60 బ్రేకర్. గరాజ్‌లోది అక్కడికక్కడ కరెంటు ఆపే స్విచ్. విడి భవనానికి అలాంటి స్విచ్ తప్పనిసరి.

తెల్ల తీగ విషయంలో ఒక జాగ్రత్త. 6 గేజ్, అంతకన్నా సన్నని తీగల్లో న్యూట్రల్ పుట్టుకతోనే తెలుపు ఉండాలి. నల్ల తీగకి తెల్ల టేపు చుడితే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోరు. 4 గేజ్, ఆపైన లావైనవాటికే టేపు చెల్లుతుంది. గ్రౌండ్ ఆకుపచ్చకీ ఇదే నియమం.

100 ఆంపియర్లకి అయితే 3 గేజ్ రాగి లేదా 1 గేజ్ అల్యూమినియం, గ్రౌండ్‌కి 8 గేజ్ రాగి. ఇక్కడ ఒక తప్పు బాగా ప్రచారంలో ఉంది: "100 ఆంపియర్లకి 4 గేజ్ రాగి చాలు" అని. ఆ తగ్గింపు ఇంటి మొత్తం లోడ్‌ని మోసే తీగలకే. గరాజ్ ఫీడర్‌కి వర్తించదు. అలాగే షాపుల్లో దొరికే 2-2-2-4 (మూడు 2 గేజ్, ఒకటి 4 గేజ్) అల్యూమినియం కేబుల్ 90 ఆంపియర్లదే, 100 కాదు.

దూరం వల్ల వోల్టేజి పడిపోతుందేమోనని టెన్షన్ పడేవాళ్ళకి: 6 గేజ్ రాగి మీద 100 అడుగుల దూరానికి 40 ఆంపియర్లు నడిపినా 240లో సుమారు 4 వోల్టులే పోతాయి, అంటే 2 శాతం లోపు. 200 అడుగులు దాటితే లావు తీగ ఆలోచించండి. అప్పుడు గ్రౌండ్ తీగని కూడా అదే నిష్పత్తిలో పెంచాలి.

5. కాలువ, కండూట్, వైరు లాగడం

లోతు ఇలా:

- పీవీసీ కండూట్: 18 అంగుళాలు
- నేరుగా నేలలో పాతే కేబుల్: 24 అంగుళాలు
- దళసరి ఇనుప కండూట్: 6 అంగుళాలు

ఈ లోతు కొలిచేది కండూట్ పై అంచు నుంచి నేల మట్టానికి. కాలువ అడుగు నుంచి కాదు. అందుకే 18 కావాలంటే 21 లేదా 22 తవ్వండి. "12 అంగుళాలు చాలు" అన్నమాట వినిపిస్తుంది. అది జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం) రక్షణతో వెళ్ళే 120 వోల్టుల, 20 ఆంపియర్ల ఒక్క సర్క్యూట్‌కే. ఫీడర్‌కి పనికిరాదు.

రాళ్ళు ఏరేసి, అడుగున మెత్తటి మట్టి లేదా ఇసుక పరవండి. కండూట్ ముక్కలు కోసిన చోట లోపలి గరుకు అంచు గీకేయండి. అది వదిలేస్తే వైరు తొడుగు చీరుకుపోతుంది. జిగురు రాసి, తోసి, పావు వంతు తిప్పి, కాసేపు పట్టుకోండి.

రెండు లాగే చోట్ల మధ్య వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు దాటకూడదు. అంటే నాలుగు పూర్తి ఎల్బోలు. రెండు కొసల్లో రెండే ఉంటే మీ పని సులువు.

నేలలోంచి పైకి వచ్చే చోట విస్తరణ జాయింట్ పెట్టండి. చలి ప్రాంతాల్లో నేల గడ్డకట్టి పైకి లేస్తుంది, ఎండకి పీవీసీ సాగుతుంది. జాయింట్ లేకపోతే ఎల్‌బీ గోడ నుంచి ఊడుతుంది, లేదా లోపలి వైర్ల మీద బిగుసుకుంటుంది.

పనిలో పనిగా అదే కాలువలో ఇంకో ఖాళీ కండూట్ వెయ్యండి, ఇంటర్నెట్ కేబుల్ కోసం. దాన్ని కరెంటు తీగలతో ఒకే పైపులో పంపకూడదు.

ఇప్పుడు ఆగండి. పూడ్చకండి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాకే మట్టి.

వచ్చేలోపు, కాలువలో టేప్ మెజర్ నిలబెట్టి అక్కడక్కడా ఫోటోలు తీసుకోండి. ఇంటి మూల నుంచి, కంచె నుంచి దూరాలు కొలిచి ఒక బొమ్మ గీసుకోండి. ఐదేళ్ళ తర్వాత మామిడి మొక్కకో, కంచె గుంజకో గుంత తవ్వేటప్పుడు అది పనికొస్తుంది.

వైరు లాగడం కండూట్ మొత్తం అతికించాకే, ముక్కముక్కగా కాదు. సన్నని దారానికి చిన్న ప్లాస్టిక్ సంచి కట్టి ఒక కొసన పెట్టండి. రెండో కొసన షాప్ వాక్యూమ్ పెడితే దారం ఇట్టే వచ్చేస్తుంది. దానికి గట్టి తాడు కట్టి లాగి, తాడుకి నాలుగు తీగలూ కొసలు మెట్లుమెట్లుగా కలిపి టేపు చుట్టండి. వైర్ లూబ్రికెంట్ ధారాళంగా రాయండి. ఒకరు తోసేవాళ్ళు, ఒకరు లాగేవాళ్ళు ఉండాలి. రెండు కొసల్లో కనీసం నాలుగైదు అడుగులు ఎక్కువ వదలండి.

ఇంట్లో మిగిలిన పసుపు లేదా నారింజ ఎన్ఎం కేబుల్‌ని (ఇంటి గోడల లోపల వాడే మామూలు కేబుల్) కండూట్‌లోకి తోసేద్దామనుకునేవాళ్ళు ఉన్నారు. వద్దు. నేలలో ఉన్న కండూట్‌లో ఎప్పటికైనా నీరు చేరుతుంది, కోడ్ దాన్ని తడి చోటుగానే లెక్కిస్తుంది. ఎన్ఎం కేబుల్ లోపలి కాగితం ఆ నీటిని పీల్చుకుంటుంది.

చివరగా రెండు కొసల్లోనూ కండూట్ నోటిని డక్ట్ సీల్ ముద్దతో మూయండి. లేకపోతే వెచ్చటి గాలి ఆ పైపులోంచి వెళ్ళి ప్యానెల్‌లో చెమ్మగా మారుతుంది.

6. గ్రౌండ్ రాడ్లు: అవి చేసేదేంటి, చెయ్యనిదేంటి

గరాజ్‌కి సొంత గ్రౌండింగ్ కావాలి. 8 అడుగుల రాడ్లు రెండు, మధ్యన కనీసం 6 అడుగుల దూరం. పూర్తిగా నేలలోకి దిగాలి, తల బయటికి రాకూడదు. రాయి తగిలితే 45 డిగ్రీల వాలులో కొట్టవచ్చు. రెండు రాడ్లనీ కలుపుతూ 6 గేజ్ రాగి తీగ సబ్ ప్యానెల్ గ్రౌండ్ బార్‌కి రావాలి. కొత్తగా కడుతున్న గరాజ్ అయితే పునాదిలోని ఇనుప చువ్వలనే వాడాల్సి ఉంటుంది. కాంక్రీటు పొయ్యకముందే ఇన్‌స్పెక్టర్‌ని అడగండి.

ఇప్పుడు ఆ లెక్క. సా మోటారులో హాట్ తీగ తెగి ఇనుప శరీరానికి తగిలిందనుకోండి. గ్రౌండ్ తీగ లేదు, రాడ్ ఒక్కటే ఉంది. రాడ్‌కీ నేలకీ మధ్య నిరోధం 25 ఓములు అనుకుంటే, 120ని 25తో భాగించండి: 4.8 ఆంపియర్లు. 15 ఆంపియర్ల బ్రేకర్ దాన్ని మామూలు లోడ్ అనుకుంటుంది. ఎన్నటికీ పడదు. సా శరీరం 120 వోల్టులతో మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

అదే నాలుగో తీగ ఉంటే? కరెంటు రాగి మీదుగా నేరుగా ఇంటి మెయిన్ ప్యానెల్‌కి తిరిగి వెళ్తుంది. వందల ఆంపియర్లు పారి బ్రేకర్ టక్కున పడుతుంది. రాడ్ పిడుగుల కోసం. ప్రాణం కాపాడేది ఇంటి నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగ.

విడి భవనాలకి మూడు తీగల ఫీడర్ కొత్తగా వేయడాన్ని కోడ్ 2008లో ఆపేసింది. పాత గరాజ్‌లలో ఇంకా కనిపిస్తాయి.

7. సబ్ ప్యానెల్ లోపల: న్యూట్రల్, గ్రౌండ్ కలవకూడదు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. న్యూట్రల్, గ్రౌండ్ కలిసేది ఒకే ఒక్క చోట, సర్వీసు మొదటి స్విచ్ దగ్గర. ఆ తర్వాత ఎక్కడా కలవకూడదు.

మేం ఇల్లు కొన్నప్పుడు గరాజ్ ప్యానెల్‌లో రెండూ ఒకే బార్ మీద ఉన్నాయి. ఫీడర్ న్యూట్రల్ లగ్ (తీగని స్క్రూతో బిగించే చోటు) తుప్పు పట్టి వదులైంది. వానాకాలం తడి నేల మీద నిలబడి డ్రిల్ ప్రెస్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. న్యూట్రల్ గుండా తిరిగి వెళ్ళాల్సిన కరెంటు దారి సరిగా లేక, అక్కడి ప్రతి ఇనుప వస్తువు మీదికీ ఎక్కుతోంది. మా అబ్బాయి అక్కడే సైకిల్ పెట్టుకునేవాడు. ఆ రోజు నుంచి ఎవరి గరాజ్‌కి వెళ్ళినా ముందు ప్యానెల్ మూత తీసి చూడటం నాకు అలవాటైంది.

వరుస ఇది:

- ప్యానెల్ ముందు 36 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఖాళీ ఉండాలి. అక్కడ తర్వాత కూడా అలమరలు పెట్టకూడదు.
- పెట్టెని గోడ కట్టెలకి బిగించండి. కండూట్ కిందినుంచి లేదా పక్కనుంచి రానివ్వండి. పైనుంచి వస్తే నీరు నేరుగా బ్రేకర్ల మీదికి.
- ఆకుపచ్చ బాండింగ్ స్క్రూ లేదా రేకు పట్టీ (న్యూట్రల్ బార్‌ని పెట్టె ఇనుముకి కలిపేది) ఉంటే తీసెయ్యండి. కొన్నిటిలో అది విడి సంచిలో వస్తుంది, అప్పుడు బిగించకుండా వదిలెయ్యండి.
- విడిగా కొన్న గ్రౌండ్ బార్‌ని పెట్టె ఇనుముకి నేరుగా బిగించండి, తయారీదారు ఇచ్చిన రంధ్రాల్లో, వాళ్ళిచ్చిన స్క్రూలతోనే.
- నలుపు, ఎరుపు మెయిన్ బ్రేకర్ లగ్గులకి. తెలుపు న్యూట్రల్ బార్‌కి. ఆకుపచ్చ గ్రౌండ్ బార్‌కి. రాడ్ల తీగ కూడా గ్రౌండ్ బార్‌కే.
- న్యూట్రల్ బార్‌లో ఒక్కో స్క్రూ కింద ఒక్కటే తెల్ల తీగ.
- ప్రతి లగ్గునీ ప్యానెల్ మీద రాసిన టార్క్ ప్రకారం బిగించండి. చేతి అంచనా వద్దు. వదులు లగ్గే వేడెక్కి కాలిపోతుంది.

8. గరాజ్ లోపలి సర్క్యూట్లు

ఇక్కడ త్వరగా వెళ్తాను, ఇది మామూలు ఇంటి వైరింగే.

- ప్లగ్గులకి కనీసం ఒక 20 ఆంపియర్ల సర్క్యూట్, 12 గేజ్ తీగతో. ప్రతి కారు చోటుకి ఒక ప్లగ్, నేల నుంచి ఐదున్నర అడుగులు దాటకుండా.
- ప్లగ్గులన్నిటికీ జీఎఫ్‌సీఐ. పైకప్పులో గరాజ్ తలుపు మోటారు ప్లగ్‌కి కూడా. 2020 కోడ్ నుంచి 240 వోల్టుల ప్లగ్గులకీ.
- లైట్లకి విడి సర్క్యూట్. సా నడుస్తుండగా బ్రేకర్ పడితే, తిరుగుతున్న రంపం ముందు చీకట్లో నిలబడకూడదు.
- మనుషులు వచ్చిపోయే తలుపు బయట ఒక లైటు, లోపల దాని స్విచ్.
- వంటకి ఒక సొంత 20 ఆంపియర్ల సర్క్యూట్. ఇండక్షన్ స్టవ్ ఒక్కటే 15 తీసుకుంటుంది, ఆ ప్లగ్ మీద ఇంకేదీ పెట్టవద్దు.
- ఫ్రీజర్ పెడితే కరెంటు పోతే మోగే చిన్న అలారం కొనండి. జీఎఫ్‌సీఐ పడిన సంగతి రెండు రోజుల తర్వాత తెలిస్తే చేపలు, మాంసం అన్నీ పారేయాలి.
- 5,000 వాట్ల హీటర్‌కి 30 ఆంపియర్ల డబుల్ పోల్ బ్రేకర్, 10 గేజ్ తీగ.

9. ఇంటి ప్యానెల్‌లో కలపడం, అన్నిటికన్నా చివర

గరాజ్ వైపు అంతా పూర్తయి, మూతలు వేశాకే ఇక్కడికి రావాలి.

మెయిన్ బ్రేకర్ ఆపినా, మీటర్ నుంచి వచ్చే లావు తీగల్లో, వాటి లగ్గుల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. దాన్ని ఆపేది కరెంటు కంపెనీ ఒక్కటే. ఆ లగ్గుల దగ్గరికి చెయ్యి గానీ, పనిముట్టు గానీ పోకూడదు. ఈ వాక్యం చదివి గుండె కాస్త దడదడలాడితే, ఈ ఒక్క మెట్టుకి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గంట పని. మిగతా శ్రమంతా మీదే అయినప్పుడు ఇక్కడ డబ్బు ఇవ్వడంలో తప్పేమీ లేదు.

మీరే చేస్తే:

- ఒంటరిగా చెయ్యకండి. ఇంట్లో ఇంకొకరు మెలకువగా ఉండాలి.
- మీటర్‌ని ముందు కరెంటు ఉన్న ప్లగ్ మీద చూసి, తర్వాత మీరు పనిచేసే చోట చూసి, మళ్ళీ ఆ ప్లగ్ మీద చూడండి. మీటరే పాడైతే అన్నీ సున్నాగానే కనిపిస్తాయి.
- డబుల్ పోల్ బ్రేకర్‌ని ఆఫ్‌లో పెట్టి, పక్కపక్క రెండు స్థానాల్లో నొక్కండి. ఒకే స్థానంలో రెండు పట్టే సన్న టాండెం బ్రేకర్ వాడితే రెండు తీగలకీ ఒకే హాట్ వస్తుంది, 240కి బదులు సున్నా చూపిస్తుంది.
- నలుపు, ఎరుపు బ్రేకర్‌కి. తెలుపు న్యూట్రల్ బార్‌కి, ఆకుపచ్చ గ్రౌండ్ బార్‌కి.

ఒక చిక్కు ఉంది. కొన్ని ఇళ్ళలో అసలు మెయిన్ స్విచ్ బయట మీటర్ పక్కన ఉంటుంది. అప్పుడు ఇంట్లోది కూడా సబ్ ప్యానెలే. అక్కడా న్యూట్రల్, గ్రౌండ్ విడిగానే ఉంటాయి, విడిగానే ఉంచాలి.

10. కరెంటు ఇచ్చే ముందు, ఇచ్చాక

ఇవ్వక ముందు, ఫీడర్ బ్రేకర్ ఆఫ్‌లో ఉండగా, సబ్ ప్యానెల్‌లో ఫీడర్ తెల్ల తీగని బార్ నుంచి తీసి పట్టుకోండి. ఇప్పుడు న్యూట్రల్ బార్‌కీ గ్రౌండ్ బార్‌కీ మధ్య మీటర్‌తో కంటిన్యూటీ (రెండూ ఎక్కడైనా కలిసున్నాయా అని) చూడండి. బీప్ రాకూడదు. తీగ తియ్యకుండా చూస్తే ఎప్పుడూ బీప్ వస్తుంది, ఎందుకంటే ఇంటి ప్యానెల్‌లో రెండూ కలిసే ఉన్నాయి. చాలామంది ఇక్కడే కంగారుపడతారు. టెస్ట్ అయ్యాక తీగ పెట్టి మళ్ళీ టార్క్ చెయ్యండి.

తర్వాత సబ్ ప్యానెల్ మెయిన్ ఆఫ్‌లో ఉంచి, ఇంట్లో 60 బ్రేకర్ వెయ్యండి. గరాజ్ లగ్గుల దగ్గర:

- హాట్ నుంచి హాట్: సుమారు 240
- ఒక్కో హాట్ నుంచి న్యూట్రల్: సుమారు 120
- ఒక్కో హాట్ నుంచి గ్రౌండ్: సుమారు 120
- న్యూట్రల్ నుంచి గ్రౌండ్: సున్నాకి దగ్గర

ఇవి సరిగ్గా ఉంటే మెయిన్ వేసి, బ్రేకర్లు ఒక్కొక్కటిగా వెయ్యండి. తర్వాత 120 వోల్టుల చిన్న హీటర్‌ని ఒకే హాట్ మీద నడిపి మళ్ళీ కొలవండి. లోడ్ లేనప్పుడు వదులు న్యూట్రల్ దాక్కుంటుంది, లోడ్ పడగానే బయటపడుతుంది.

క్లాంప్ మీటర్ ఉంటే, హీటర్ నడుస్తుండగా ఆకుపచ్చ ఫీడర్ తీగ చుట్టూ పెట్టండి. సున్నా చూపించాలి. ఏమైనా ఆంపియర్లు కనిపిస్తే ఎక్కడో న్యూట్రల్, గ్రౌండ్ కలిశాయన్నమాట.

11. ఏదైనా తేడా వస్తే

ఒక హాట్ మీద 90 వోల్టులు, రెండో దాని మీద 150: న్యూట్రల్ వదులైంది లేదా తెగింది. వెంటనే ఇంట్లో బ్రేకర్ ఆపండి. ఒక్క నిమిషం ఆలస్యమైనా 120 వోల్టుల సామాను కాలిపోతుంది. రెండు కొసల్లో తెల్ల తీగ లగ్గులు చూడండి.

సగం ప్లగ్గులు పనిచేస్తున్నాయి, హీటర్ లేదు: ఒక హాట్ రావట్లేదు. బ్రేకర్ సరిగ్గా కూర్చుందా, లగ్గు తీగనే పట్టిందా లేక తొడుగునా అని చూడండి.

జీఎఫ్‌సీఐ బ్రేకర్ లోడ్ పెట్టగానే పడుతోంది: ఆ సర్క్యూట్ తెల్ల తీగ బ్రేకర్‌కి కాకుండా న్యూట్రల్ బార్‌కి వెళ్ళి ఉంటుంది, లేదా ఏదో పెట్టెలో న్యూట్రల్ గ్రౌండ్‌ని తాకుతోంది.

ప్యానెల్‌లో నీటి చుక్కలు: డక్ట్ సీల్ లేదు, లేదా ఇంటి వైపు కొస ఎత్తులో ఉండి నీరు గరాజ్ వైపు పారుతోంది. ముందు సీల్ చెయ్యండి. తగ్గకపోతే గోడ బయటి ఎల్‌బీ దగ్గర నీరు బయటికి పోయే దారి గురించి ఇన్‌స్పెక్టర్‌ని అడగండి.

పాత గరాజ్‌లో మూడు తీగలే ఉన్నాయి: కండూట్‌లో చోటుంటే సరైన సైజు ఆకుపచ్చ తీగ లాగి, సబ్ ప్యానెల్‌లో బాండింగ్ తీసెయ్యండి. నేరుగా పాతిన కేబుల్ అయితే మళ్ళీ తవ్వకమే.

12. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ రోజు

- ప్యానెల్ తలుపు మీద ప్రతి బ్రేకర్ పేరు స్పష్టంగా, "ప్లగ్గులు" అని కాదు, "ఉత్తరం గోడ ప్లగ్గులు" అని ఇంగ్లీషులో రాయాలి
- ఇంటి ప్యానెల్‌లో 60 బ్రేకర్ పక్కన "గరాజ్" అని
- వాడని రంధ్రాలన్నీ మూతలతో మూసి ఉండాలి
- గ్రౌండ్ రాడ్ క్లాంపులు, కాలువ ఫోటోలు, పర్మిట్ కార్డు చేతికి అందేలా
- ఇన్‌స్పెక్టర్ మూత తీసి చూస్తారు, స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టండి

ఏదైనా దిద్దమంటే ఏ నియమం ప్రకారమో అడిగి రాసుకోండి. విసుక్కోరు, చెబుతారు. దిద్ది మళ్ళీ పిలవండి. పాస్ అయిన కాగితం ఇంటి పత్రాలతో పెట్టి, కాలువ బొమ్మని ఒక ప్లాస్టిక్ కవర్‌లో గరాజ్ ప్యానెల్ పక్కన గోడకి అతికించండి. మీ తర్వాత ఆ ఇంటికి వచ్చేవాళ్ళకి తవ్వకముందే అది కనిపించాలి.